ఒక్కపొద్దు నాటి గోళీ

నాకు కోపం ఎక్కువని మా వార్డులో అందరికీ తెలుసు. పేషెంట్లకు ఇంకా బాగా తెలుసు. కామారెడ్డిలో నేను నర్సుగా పనిచేసే దవాఖానలో గుండె జబ్బుల వాళ్ళనీ, రక్తం జబ్బుల వాళ్ళనీ ఒకే వార్డులో ఎదురెదురుగా పడుకోబెడతారు. ఒక వరసలో రక్తం తగ్గి పాలిపోయిన ఆడవాళ్ళు, ఎప్పటికప్పుడు రక్తం ఎక్కించుకోవడానికి వచ్చే పిల్లలు. ఎదుటి వరసలో రక్తం గడ్డ కట్టకుండా మందు వాడే గుండె జబ్బు వాళ్ళు. నేను ఇటు తిరిగి "నీకు రక్తం పట్టాలె, మంచిగ తిను" అంటాను. అటు తిరిగి "నీ రక్తం పల్చగనే ఉండాలె, గోళీ మర్చిపోకు" అంటాను. రెండూ విన్న ఒక పెద్దాయన ఉండబట్టలేక అడిగేశాడు.

"ఏంది బిడ్డా, వాళ్ళకేమో చిక్కగ కావాలంటవు, నాకేమో పల్చగ కావాలంటవు. గీ దవాఖానల ఒక్క మాట ఉండదా?"

మా వైపు రక్తం పలుచబడటం అంటే బలం పోవడం. పలుచగా ఉంటేనే బతుకుతావని ఒప్పించడానికి నేను పడే తిప్పలు అన్నీ ఇన్నీ కావు. రైతులైతే కాస్త నయం. "బాయికాడ మోటరుకు ఫుట్‌వాల్వు ఉంటది సూడు, దాంట్ల చెత్త ఇరికితే ఏమైతది?" అని అడుగుతాను. "నీళ్ళెక్కయి" అంటారు. "గుండెల గూడ గట్లనే. రక్తం గడ్డకట్టి వాల్వుల ఇరికిందనుకో, రక్తం ఎక్కదు" అంటాను. అప్పుడు గోళీ వంక కొంచెం మర్యాదగా చూస్తారు.

ఇప్పుడు నేను చెప్పబోయేది మాత్రం దవాఖానలో మంచం మీద మొదలైన సంగతి కాదు. మా గల్లీలో మొదలైంది.

నేను ఉండేది ఎల్లారెడ్డిలో. రోజూ బస్సెక్కి లింగంపేట మీదుగా కామారెడ్డికి వెళ్ళి వస్తాను. మా గల్లీలో బీడీలు చుట్టని ఇల్లు తక్కువ. మధ్యాహ్నం వంట పనులయ్యాక ఆడవాళ్ళంతా ఎవరో ఒకరి వసారాలో చేరి, చాటలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు. నానబెట్టిన తునికాకు వాసనా, తంబాకు ఘాటూ కలిసి గల్లీ మొదట్లోనే ముక్కుకు తగులుతాయి. అలా అందరూ చేరే ఇల్లు మా ఇంటికి కొంచెం అవతల ఉంది. ఆ ఇంట్లో ఒక అత్తా, కోడలూ ఉంటారు. కొడుకు గల్ఫ్‌లో పని చేస్తాడు.

ఆ కోడలికి చిన్నప్పుడు కీళ్ళు వాచి జ్వరం వచ్చిందట. జ్వరం తగ్గింది, కీళ్ళ నొప్పులు తగ్గాయి, అందరూ మర్చిపోయారు. ఆ జ్వరం గుండెలో ఒక వాల్వును పాడుచేసి పోయిందని పెళ్ళయిన చాన్నాళ్ళకు గానీ బయటపడలేదు. చాట ముందు కూర్చుని కూడా ఆయాసపడుతుంటే నేనే పట్టుకెళ్ళి మా డాక్టరు సారుకు చూపించాను. తర్వాత హైదరాబాదులో ఆపరేషన్ చేసి, చెడిపోయిన వాల్వు తీసేసి లోహపు వాల్వు పెట్టారు.

లోహపు వాల్వు మూసుకున్నప్పుడల్లా చిన్న చప్పుడు చేస్తుంది. టిక్, టిక్ అని గడియారంలా. చుట్టూ సద్దు లేకపోతే పక్కన కూర్చున్న వాళ్ళకు కూడా వినిపిస్తుంది. మా గల్లీ ఆడవాళ్ళు ఊరుకుంటారా? కరెంటు పోయి ఫ్యాను ఆగిందంటే చాలు, "ఏమే, టైమెంతైంది?" అని ఆమెను ఆట పట్టించేవారు. ఆమె కూడా నవ్వుతూ ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, "ఇంకా మీ కట్టలు అయ్యే టైము గాలే, చుట్టుండ్రి" అనేది. తంబాకు దుమ్ము ఆమెకు పడదని నేను గొడవ పెట్టాక బీడీలు చుట్టడం మానేసింది. దూరంగా గుమ్మం దగ్గర కూర్చుని ఆకు కత్తిరించి ఇచ్చేది. కత్తెర పని కూడా వద్దన్నాను, తెగితే రక్తం ఆగదని. "ఉత్తగ కూసుంటే పిచ్చి లేస్తదక్కా" అంది. కత్తెర ఆమె చేతిలోనే వదిలేసి వచ్చాను.

అత్తకు మాత్రం ఆ చప్పుడంటే అస్సలు పడేది కాదు. మంచి మనిషే. కోడలు ఆపరేషన్ గదిలో ఉన్నంతసేపూ మెట్ల మీద కూర్చుని దండాలు పెట్టిన మనిషి. ఆమె ప్రాణంతో బయటికి వస్తే బతికినన్నాళ్ళూ శనివారం ఒక్కపొద్దు ఉంటుందని కోడలి తరఫున మొక్కింది కూడా ఆమే. కానీ ఇంటికి వచ్చాక ఆ టిక్ టిక్ విని మొహం చిన్నబుచ్చుకుంది.

"గుండె లోపల్లోపల కొట్టుకోవాలె గని, గిట్ల పదిమందికి ఇనబడుడేంది బిడ్డా? ఎప్పుడు తగ్గుతది గిది?" అని నన్ను అడిగేది.

"తగ్గదవ్వా, అదట్లనే ఉంటది" అనేదాన్ని.

"దేవుడు తల్సుకుంటే తగ్గుతది" అని ఆమె లోపలికి వెళ్ళిపోయేది. చప్పుడు తగ్గాలని కూడా ఆమె మొక్కుకుందని నాకు తర్వాత తెలిసింది.

ఆపరేషన్ తర్వాత నుంచీ కోడలు రోజూ రక్తం పలుచబడే గోళీ వేసుకోవాలి. అప్పుడప్పుడూ కామారెడ్డి వచ్చి రక్తపరీక్ష చేయించుకోవాలి. రక్తం ఉండాల్సినంత పలుచగా ఉందో లేదో అందులో తెలుస్తుంది. ఆమె పరీక్షలో ఆ పలుచన ఎప్పుడూ కొంచెం తక్కువే కనిపించేది. సారు గోళీ మోతాదు పెంచేవారు. నేను ఆకుకూరల మీద పడేదాన్ని. తోటకూర, పాలకూర ఒక వారం గంపెడు, ఇంకో వారం అసలు లేకుండా తింటే ఆ గోళీ సరిగ్గా పనిచేయదు. "మళ్ళ తోటకూర తిన్నవా? నిజం చెప్పు" అని నిలదీసేదాన్ని. "ఒట్టక్కా, నువ్వు చెప్పినంతనే తింటున్న" అని ఆమె గొంతు మీద చెయ్యి వేసుకునేది. నేను నమ్మేదాన్ని కాదు. మా వాళ్ళకు కూర విషయంలో ఒట్టు పెద్ద లెక్క కాదు.

"గోళీ ఏసుకుంటున్నవా?" అని కూడా అడిగేదాన్ని. "ఏసుకుంటున్నక్కా" అనేది. అది అబద్ధం కాదు. అన్నం తిన్న రోజు వేసుకుంటోంది.

ఆ ఏడు శ్రావణమాసం నడుస్తోంది. నాకు సెలవు. మధ్యాహ్నం పూట, అంతకుముందు ఇచ్చిన టిఫిను గిన్నె తిరిగి ఇద్దామని వాళ్ళింటికి వెళ్ళాను. వసారా నిండా ఆడవాళ్ళు, చాటలు. ఆమె గుమ్మం దగ్గర గోడకానుకుని ఆకు కత్తిరిస్తోంది. నన్ను చూసి నవ్వింది గానీ, "రా అక్కా" అన్న తర్వాత "కూసో" అనడానికి ఒక ఊపిరి తీసుకుంది. నేను అది గమనించాను. వెంటనే పట్టించుకున్నానని చెప్పలేను. ఉక్కగా ఉంది, అందరం ఆయాసపడుతూనే ఉన్నాం.

ఆమె వేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది. "కోసుకున్నవా? నేను చెప్పలే?" అని మొదలుపెట్టాను.

"గింతనే అక్కా. ఇదివరకైతే ఎంతసేపటికీ ఆగకపోయేది. గీసారి పీలిక చుట్టంగనే ఆగింది" అంది. చెప్తున్నప్పుడు ఆమె ముఖంలో సంతోషం.

అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను తిరిగి తిరిగి ఆగింది. ఒకామె అలవాటుగా, "ఏమే, టైమెంతైంది?" అంది. అందరూ నవ్వారు. నవ్వులు అయిపోయాక నేను వినడానికి ఎదురు చూశాను. ఏమీ వినిపించలేదు. కత్తెర చప్పుడు వినిపిస్తోంది. వీధిలో ఎవరో కోడిని తోలుతున్నారు, అదీ వినిపిస్తోంది.

అత్త నా పక్కన చతికిలబడి, గుట్టు చెప్తున్నట్టు నవ్వుతూ అంది. "ఇంటున్నవా బిడ్డా? చప్పుడు లేదు. శ్రావణం పట్టినకాన్నుంచి తగ్గుకుంట తగ్గుకుంట వచ్చింది. నువ్వేమో తగ్గనే తగ్గదంటివి. దేవుడు ఇన్నడు."

లోహపు వాల్వు చప్పుడు మందగించిందంటే అది సరిగ్గా మూసుకోవడం లేదని అర్థం. ఏదో అడ్డం పడుతోందని అర్థం. నేను గిన్నె పక్కన పెట్టేసి, ఆమె దగ్గరికి జరిగి, ఏమీ అడగకుండా వీపుకు చెవి ఆనించాను. గుండె కొట్టుకోవడం వినిపిస్తోంది, వడివడిగా. టిక్ మాత్రం లేదు. ఎక్కడో గుడ్డలో చుట్టి పెట్టినట్టు మొద్దు చప్పుడు.

"గోళీ ఏసుకున్నవా పొద్దుగాల?"

"లేదక్కా. ఒక్కపొద్దు గద."

"ఒక్కపొద్దైతే?"

"ఉత్త కడుపుల గోళీ ఎట్లేసుకుంట? పేగులు కాలయా? తిన్నంకనే ఏసుకోవాలని దవాఖానల చెప్పిండ్రు గద."

"మరి పొద్దుమూకి దీపం పెట్టి తింటవు గద, అప్పుడేసుకోవద్దా?"

ఆమె నా వైపు వింతగా చూసింది, నేనే పాఠం మర్చిపోయినట్టు. "రోజు ఒక్క టైముకే ఏసుకోవాలంటివి. తప్పిపోతే ఎనుక ముందు కలిపి రెండేసుకోవద్దంటివి. రాత్రి ఏసుకుంటే తెల్లారే మళ్ళ పొద్దటి గోళీ వస్తది, రెండు ఒక్కటైతయని ఇడిసిపెట్టిన."

"శ్రావణంల ఎన్నొద్దులు ఒక్కపొద్దుంటున్నవ్?"

"నెలంత అక్కా. అత్త, నేను."

నేను చెప్పిన ప్రతి మాటా ఆమె పాటించింది. కడుపులో అన్నం లేకుండా వేసుకోలేదు, వేళ తప్పి వేసుకోలేదు, రెండు కలిపి వేసుకోలేదు. అన్నీ పాటిస్తూ పాటిస్తూ, ముందు శనివారం శనివారం, ఇప్పుడు నెల మొదలైన దగ్గర్నుంచీ అసలు గోళీయే లేకుండా ఉంది. ఒక్కపొద్దు అనేది మా దగ్గర ఎవరూ చెప్పుకునే సంగతి కాదు. తల దువ్వుకున్నానని ఎవరైనా డాక్టరుకు చెప్తారా? అలాంటిదే ఇదీ. నేనూ శనివారం ఒక్కపొద్దు ఉంటాను. నా రక్తానికి ఏ గోళీ అక్కర్లేదు కాబట్టి నాకు ఆ ఆలోచనే రాలేదు.

అంబులెన్సుకు ఫోన్ చేశాను. అత్త లేచి నిలబడింది. "ఏమైంది? మంచిగనే ఉంది గద? చప్పుడు గూడ తగ్గె" అంది.

"అవ్వా, ఆ చప్పుడే ఆమె పానం. తగ్గుడు కాదు, ఇరుక్కున్నది. బాయికాడి ఫుట్‌వాల్వు లెక్క" అన్నాను. గట్టిగా అన్నాను. అరిచాననే చెప్పాలి. బీడీలు చుట్టే చేతులన్నీ ఆగిపోయాయి.

అత్త ముఖంలో అర్థమవడం నేను చూశాను. ఆమె ఏడవలేదు. లోపలికి వెళ్ళి కోడలి చీర ఒకటి సంచిలో పెట్టుకుని, దేవుడి గూడు వైపు తిరిగి కూడా చూడకుండా బయటికి వచ్చింది. దీపం పెట్టకుండా ఇల్లు దాటని మనిషి ఆమె.

అంబులెన్సులో కోడలు నా చెయ్యి పట్టుకుని పడుకుంది. లింగంపేట దాటేదాకా మాట్లాడుతూనే ఉంది, ఆకు నానబెట్టి వచ్చానని, ఎండిపోతే చీలిపోతుందని. తర్వాత మాటలు తగ్గాయి. నాకు భయం వేసింది. దవాఖానలో ఎన్ని గుండెలు చూసినా, నా గల్లీ మనిషి చెయ్యి పట్టుకుని ఊపిరి వెతుక్కుంటుంటే నేను నర్సునన్న సంగతి నాకు గుర్తు లేదు. సెలైను సీసా వంక కాకుండా ఆమె పెదవుల వంకే చూస్తూ కూర్చున్నాను.

కామారెడ్డిలో మా సారు స్టెతస్కోపు పెట్టి విన్నారు. స్కానింగు చేశారు. వాల్వుకు రెండు రెక్కలుంటాయి, ఒకటి కదలడం లేదు. గడ్డ కట్టింది. వెంటనే ఇంజెక్షను మొదలుపెట్టి, హైదరాబాదుకు పంపాలన్నారు. "గడ్డ కరగడానికి మందు పెడతారు. కరిగితే మంచిదే. కరగకపోతే మళ్ళీ గుండె కోయాలి. ఈ స్థితిలో కోస్తే..." అని ఆగిపోయారు. నేను ఆ మాట పూర్తి చేయమని అడగలేదు. డ్యూటీలో ఉన్న అమ్మాయికి చెప్పి, నేనూ అదే బండిలో ఎక్కాను.

హైవే మీద అత్త నా ఎదురుగా కూర్చుంది. పొద్దుట్నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టలేదు. అరటిపండు ఇస్తే వద్దంది. కాసేపటికి, ఎవరితోనో కాకుండా తనతోనే అనుకుంటున్నట్టు అంది.

"నా మొక్కే దీన్ని మింగవట్టె."

ఇంకెవరన్నా అయితే ఓదార్చేవాళ్ళేమో. నాకు ఓదార్చడం రాదు. "మొక్కు మింగలే. గోళీ ఏసుకోకపోవుడు మింగింది. దేవుడేమన్న గోళీ ఏసుకోవద్దన్నడా? నువ్వు గిట్ల ఉపాసం పండితే నిన్ను గూడ పక్క మంచంల పండవెడ్తరు. పండు తిను" అన్నాను. ఆమె నా వంక కోపంగా చూసింది. పండు తీసుకుంది. తిన్నది. ఆ కోపం చూసి నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

హైదరాబాదులో కోడలిని అద్దాల గదిలోకి తీసుకెళ్ళి, నరం ద్వారా మందు మొదలుపెట్టారు. అది రక్తంలోకి మెల్లగా ఎక్కాలి. మేము చేసేదేమీ లేదు. గల్ఫ్ నుంచి కొడుకు ఫోన్ చేస్తే అత్త మాట్లాడలేక నా చేతికిచ్చింది. మందు ఎక్కుతోందని మాత్రం చెప్పాను.

తెల్లవారాక అక్కడి నర్సును బతిమాలితే, నన్నూ అత్తనూ ఒక్క నిమిషం లోపలికి రానిచ్చింది. కోడలు కళ్ళు తెరిచింది. ఆయాసం తగ్గింది, అది కంటికే కనపడుతోంది. చుట్టూ మిషన్లు బీప్ బీప్‌మంటున్నాయి. అత్త కోడలి మంచం మీదికి వంగింది, చెవి దగ్గర పెట్టి వింది. మళ్ళీ లేచి, ఆ నర్సు వైపు చేతులు జోడించింది.

"బిడ్డా, గీ మిషన్లు జరసేపు బంద్ చేస్తవా? దాని చప్పుడు ఇనబడ్తలేదు."

ఆ నర్సుకు అర్థం కాలేదు. నాకు అర్థమై, ఏడుపు ఆగలేదు. వార్డులో ఏడ్చేవాళ్ళను బయటికి పొమ్మని కసిరే నేను అక్కడ అందరి ముందూ ఏడ్చాను. కళ్ళు తుడుచుకుని, ఆ నర్సు మెడలోని స్టెతస్కోపు అడిగి తీసుకుని, అత్త చెవులకు పెట్టాను. రెండో కొస కోడలి ఛాతీ మీద ఆనించాను. అత్త కళ్ళు మూసుకుంది. ఒక్కసారిగా తెరిచింది.

"కొడ్తున్నది" అంది. "టిక్కు టిక్కుమని కొడ్తున్నది."

కోడలు మాట్లాడలేక, దుప్పటి మీద రెండు వేళ్ళు పైకెత్తి నవ్వింది. టైము రెండైందని కావచ్చు. ఆ పిల్లకు ఆ స్థితిలో కూడా ఎగతాళే.

ఇంటికి వచ్చాక గోళీ వేళ మార్చేశాం. పొద్దుమూకి, దీపం పెట్టి, అన్నం తిన్న తర్వాత. ఒక్కపొద్దు ఉన్నా లేకపోయినా ఆ వేళకు కడుపులో అన్నం ఉంటుంది. మా సారు ఇప్పుడు చాలా మందికి అలాగే మార్చి రాస్తున్నారు. నేను కూడా వార్డులో "గోళీలు ఏసుకుంటున్నరా?" అని అడగడం మానేశాను. "ఒక్కపొద్దు ఏ దినం ఉంటరు? ఆ దినం గోళీ సంగతేంది?" అని అడుగుతున్నాను. ఎంతమంది ముఖాలు పక్కకు తిప్పుకుంటారో చెప్తే నమ్మరు.

ఇంత జరిగాక కూడా కోడలు శనివారం మానలేదు. మొక్కు కదా అంది. అత్తే మాన్పించింది. "మాటిచ్చింది నేను. నీ తరఫున నేనుంట. నువ్వు తిను, గోళీ ఏసుకో" అని తెగేసి చెప్పింది. దేవుడు దీనికి ఒప్పుకుంటాడా అని కోడలు అనుమానపడితే, "ఆయనతోటి నేను మాట్లాడిన" అంది అత్త. ఇప్పుడు శనివారం ఒక్కపొద్దు అత్తదే. ఆమెకు బీపీ గోళీ ఉంది. అది వేసుకున్నాక గానీ నేను గడప దాటనని కొత్త గొడవ మొదలుపెట్టాను.

మొన్న శనివారం మధ్యాహ్నం వెళ్ళాను. వసారా నిండా చాటలు, తంబాకు ఘాటు, ముచ్చట్లు. కోడలు గుమ్మం దగ్గర ఆకు కత్తిరిస్తోంది. కరెంటు ఉంది. అత్త లేచి వెళ్ళి తనే ఫ్యాను బంద్ చేసింది. "ఏందత్తా, సస్తున్నం ఉక్కకు!" అని ఆడవాళ్ళు గోల పెట్టారు.

"జర ఊకుండ్రి" అంది అత్త. రోజూ చేసే పనేనట. ఒకామె విసుక్కుంటూ చేతిలో బీడీ ఆపింది. కోడలు కత్తెర పక్కన పెట్టింది. అందరూ నిశ్శబ్దమయ్యారు.

"ఇనబడ్తుందా అవ్వా?" అని అడిగాను.

ఆమె ఆగమన్నట్టు చెయ్యెత్తింది. గోడకానుకుని, కోడలి వైపు తల వంచి, తనకు చాలేదాకా విన్నది. అప్పుడు లేచి ఫ్యాను వేసింది.

"నిన్నటికంటె గట్టిగనే ఉంది" అంది. "ఇగ చుట్టుకోండ్రి."